ఊరి నాడి ఏ గల్లీల చూడాలె?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీల ఒక్క మాట అడిగినం, "మీ ఊరు బాగుందో లేదో మీరెట్ల చెప్తరు" అని. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి మస్తు వచ్చినయి. సగం మంది రోడ్ల గురించే రాసిన్రు, అండ్ల సగం తిట్లే, అవి అచ్చేస్తే మా ఎడిటర్ ఉద్యోగం పోతది కాబట్టి పక్కన పెట్టినం. మిగిలినవాట్ల పట్టణాల బాగోగులు ఎట్ల లెక్కగడ్తరు అని అడిగిన ప్రశ్నలు ఏరినం, ఈ నెల జాగంతా వాటికే.

ప్ర: నేను డిగ్రీ సెకండియర్ ఎకనామిక్స్. మా సార్ "నల్లగొండ పట్టణ సామాజిక, ఆర్థిక ఆరోగ్యం" అని ప్రాజెక్ట్ ఇచ్చిండు. నెట్‌ల చూస్తే జనాభా, అక్షరాస్యత ఇవే దొరుకుతున్నయి. ఇంకేం చూడాలె, ఎట్ల మొదలుపెట్టాలె?
— ఒక విద్యార్థిని, నల్లగొండ

జ: బిడ్డా, లెక్కల కంటే ముందు ఒక చిక్కుముడి ఉంది, అది విప్పకుంటే ప్రాజెక్టంతా గాలిల మేడ అయితది. నల్లగొండ అంటే యాడిదాకా? సెన్సస్ వాళ్లకు పట్టణాలు రెండు తీర్లు. మున్సిపాలిటీ అనో కార్పొరేషన్ అనో సర్కారు ప్రకటిస్తే అది ఒకటి. అట్ల ప్రకటించకున్నా జనం 5,000 దాటి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండి, పనిచేసే మగవాళ్లల్ల నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల ఉంటే దాన్ని సెన్సస్ టౌన్ అంటరు, పేరుకు పంచాయతీ, బతుకు మాత్రం టౌను బతుకే. ఇసొంటివి దేశంల 2001ల 1,362 ఉంటే 2011కి 3,894 అయినయి, ఏ బోర్డూ మారకుండనే. ఇంకో దిక్కు ఏమైతదంటే, మున్సిపాలిటీల చుట్టుపక్కల ఊర్లను కలిపేస్తే తెల్లారేసరికి పట్టణం జనాభా పెరిగినట్టు కనపడతది. జనం పెరగలే, గీత జరిగింది, గంతే. కాబట్టి మొదటి పేజీల మ్యాప్ పెట్టి ఏ ఏడాది హద్దు తీసుకున్నవో రాయి, ఆ ఒక్క పేజీకే మీ సార్ ఖుషీ అయితడు.

ఇగ రెండోది, అంకెలు ముసలివైనయి. 2021ల జరగాల్సిన సెన్సస్ కరోనాకు ఆగి, జరిగి జరిగి జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరి దాకా పోయింది. అంటే వార్డుల వారీగా మనకు గట్టిగ చేతిలున్న సెన్సస్ 2011దే. అప్పుడు పుట్టిన పోరడు టెన్త్‌కి వచ్చిండు, మనం ఇంక అదే జనాభా చెప్పుకుంటున్నం. అందుకని ప్రతి అంకె పక్కన ఏడాది తప్పకుండ రాయాలె.

ఏం చూడాలె అంటే, నా లెక్కల ముందు పని, ఆ తర్వాత నీళ్లు, ఆ తర్వాతనే మిగిలినయి. పని ఎందుకంటే ఊర్ల ఎంతమందికి పని దొరుకుతుంది, నెల జీతమా దినం కూలినా, పీఎఫ్ ఉందా లేదా అన్న ముచ్చట మీదనే ఇంట్ల పొయ్యి నుంచి పిల్లల ఫీజు దాకా అన్నీ నడుస్తయి. పీఎల్‌ఎఫ్‌ఎస్ అని కేంద్రం చేసే ఉపాధి సర్వే 2017-18 నుంచి ఉంది గని అది రాష్ట్రం లెక్క చెప్తది, నల్లగొండ టౌన్ లెక్క దాంట్ల దొరకదు. అది నువ్వే తీయాలె. ఎట్లంటే పొద్దున 7 గంటలకు కూలీల అడ్డా కాడికి పో, ఎంతమంది నిలబడ్డరో లెక్కపెట్టు, మళ్ల 10 గంటలకు పో, ఇంకెంతమంది మిగిలిన్రో చూడు. 10 దాటినంక అడ్డా మీద మిగిలినోళ్లంటే ఆ దినం టిఫిన్ డబ్బాతోటి ఇంటికి మళ్లేటోళ్లు. వారంల రెండు దినాలు, నాట్లప్పుడు ఒకసారి కోతలప్పుడు ఒకసారి చెయ్, ఎందుకంటే నాట్లప్పుడు మనుషులు చుట్టుపక్కల ఊర్లకు పోతరు, అడ్డా ఖాళీగ కనపడతది, అది చూసి టౌన్ల పని బాగుందనుకుంటే మోసపోతవ్.

నీళ్ల సంగతి నల్లగొండోళ్లకు నేను చెప్పాల్నా? తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అంటే, అది దాటిన బోరు నీళ్లు తాగి తాగి కాళ్లు వంకరపోయిన తరాలు ఈ జిల్లాల ఉన్నయి. నాగపూర్‌లున్న నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెడితే దానికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు, మన ఊరి పేరు పుస్తకాలకు ఎక్కింది గట్ల! ఇప్పుడు కృష్ణా నీళ్లు పైపుల వస్తున్నయి, పరిస్థితి మారింది. అయినా నువ్వు అడగాల్సింది నల్లా కనెక్షన్ ఉందా అని కాదు. ఎన్ని దినాలకు ఒకసారి వస్తుంది, ఎంతసేపు, ఆఖరి గల్లీల బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు, అయినా ఇరవై లీటర్ల క్యాన్ కొంటున్నరా అని. నల్లా ఉండి కూడా క్యాన్ కొనే ఇల్లు ఏం చెప్తుందో ఆలోచించు.

బడి, దవాఖాన, ఇంటి కిరాయి, మోరీలు, ఇవన్నీ నీకే తెలుసు, పొడుగు చేయను.

అసలు ముచ్చట ఒకటుంది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటరు గదా, అది ఒక్క కుండల వండినప్పుడు. పట్టణం ఒక్క కుండ కాదమ్మా, 40, 50 వార్డులు 40, 50 పొయ్యిల మీద వేరే వేరే మంటల ఉడుకుతుంటయి. అన్నీ కలిపి సగటు తీస్తే ఒక దిక్కు మాడింది, ఒక దిక్కు పలుకున్నది కలిసి "బాగానే ఉడికింది" అని వస్తది. ఇంగ్లండ్‌ల ఈ బాధ తెలిసి వాళ్లు ఊరి సగటు పక్కన పెట్టి దాదాపు 1,500 మంది ఉండే చిన్న చిన్న తునకలుగ దేశాన్ని కోసి, ఒక్కో తునకకు వెనకబాటు లెక్క కడ్తరు. ఆదాయానికి 22.5 శాతం, ఉపాధికి 22.5, చదువుకు 13.5, ఆరోగ్యానికి 13.5, ఆ తర్వాత నేరాలకు, ఇండ్లకు, పరిసరాలకు తలా 9.3. పెద్ద సిటీల కూడా ఏ వీధి చితికిందో మ్యాప్ మీద రంగుల్ల కనపడతది. నువ్వు అంత చేయలేవు, అవసరం లేదు కూడా. మూడు వార్డులు తీసుకో, అందరూ బాగుందనేది ఒకటి, మధ్యలది ఒకటి, ఆటోవాళ్లు కూడా పోనీకి మొఖం చిట్లించేది ఒకటి. ఆ మూడింటికీ మధ్య ఎంత తేడా ఉందో అదే రాయి. సగటు రాయకపోయినా నేనైతే ఏమనుకోను, మీ సార్ సంగతి తెల్వదు.

ప్ర: ఏటేటా పేపర్ల సిటీలకు ర్యాంకులు వస్తుంటయి. మా పాలమూరు పేరు ఒక్కసారి కూడా కనపడలే. మేం అంత అధ్వాన్నమా, లేకుంటే ఆ ర్యాంకులే ఉత్తవా?
— రిటైర్డ్ టీచర్, మహబూబ్‌నగర్

జ: సార్, మీరు ఫెయిల్ కాలే, మీకు హాల్ టికెట్టే రాలే. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ "ఈజ్ ఆఫ్ లివింగ్" అని సిటీలు బతకడానికి ఎంత వీలుగున్నయో చెప్పే సూచీ తెచ్చింది, 2018ల ఒకసారి, 2020ది 2021 మార్చిల. రెండోసారి చూసింది 111 సిటీలనే, అవి ఎక్కువగ స్మార్ట్ సిటీ లిస్టులున్నయి, 10 లక్షల జనాభా దాటినయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ ఉన్నయి, దక్షిణ తెలంగాణల కృష్ణ ఒడ్డు దాకా ఎంత వెతికినా ఒక్క పేరు లేదు. 2020 లిస్టుల 10 లక్షలు దాటిన 49 సిటీలల్ల బెంగళూరు ఫస్టు, మన హైదరాబాద్ 24, చిన్న సిటీలల్ల సిమ్లా ఫస్టు. 2018ల మాత్రం పుణె ఫస్టు.

ఇగ ఉత్తవా అంటే, ఉత్తవి కాదు గని ర్యాంకు వెనక ఉన్న తక్కెడ చూడాలె. మీరు 30 ఏండ్లు పేపర్లు దిద్దిన్రు, మీకు ఇది ఒక్క మాటల అర్థమైతది. లెక్కలకు 100 మార్కులు, తెలుగుకు 100 పెడితే ఒక పిలగాడు ఫస్టు వస్తడు, లెక్కలకు 50 చేసి ఆటలకు 150 పెడితే ఇంకొకడు వస్తడు, పిలగాళ్లు మాత్రం వాళ్లే. ఆ 2020 సూచీల జీవన ప్రమాణాలకు 35 శాతం, పర్యావరణం, తట్టుకునే శక్తి అసొంటివాటికి 20, జనం అభిప్రాయానికి 30, ఆర్థిక సత్తువకు 15 పెట్టిన్రు. పదిహేనే! బతుకుదెరువు లేని ఊర్ల పార్కులెన్నుంటే ఏం ఫాయిదా అని నా అసొంటోనికి అనిపిస్తది, ఇంకొకరికి 15 ఎక్కువనిపియ్యచ్చు. జనం అభిప్రాయం సర్వేల 32 లక్షల మంది దాకా చెప్పిన్రు, మంచిదే, కానీ ఒక చిక్కు ఉంది: తక్కువతోటి సర్దుకుపోవడం అలవాటైన ఊర్ల జనం "పర్వాలేదు" అంటరు, పొద్దంతా నీళ్లొచ్చే కాలనీల ఒక గంట ఆగితే లొల్లి పెడ్తరు. ఇద్దరి మార్కులు ఒక్క తీరుగ లెక్కపెడితే ఎట్ల?

స్వచ్ఛ సర్వేక్షణ్ సంగతి వేరే, అది 2016ల 73 సిటీలతోటి మొదలై తర్వాత అన్ని మున్సిపాలిటీలకు పాకింది, మొదటిసారి మైసూరు ఫస్టు, 2017 నుంచి ఇండోర్ గద్దె దిగలే. అది చెత్త ఎత్తే లెక్క, బతుకు లెక్క కాదు. చెత్త బాగా ఎత్తడం చిన్న ముచ్చటని నేననను, మా గల్లీ చూస్తే మీరు కూడా అనరు.

పాలమూరుకు ర్యాంకు లేకున్నా చెప్పుకోవడానికి ఉంది సార్. 2011ల ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల అన్ని జిల్లాలకంటే కింద. పక్కన నల్లగొండ 64. పాలమూరు యూనివర్సిటీ వచ్చింది 2008ల, మెడికల్ కాలేజీ 2016ల, 2025ల కార్పొరేషన్ హోదా వచ్చింది. ఈ మెట్లు ఎక్కినంక ఆ 55 ఎంతయిందో 2027 సెన్సస్‌ల చూడాలె, నాకు ఏ ర్యాంకు కంటే ఆ ఒక్క అంకె మీదనే ఆత్రం ఎక్కువుంది.

ప్ర: మా ఊర్ల పైసలకు కొదువ లేదు, రైస్ మిల్లులు, లారీలు, బ్యాంకుల ముందట లైన్లు. కానీ చదువుకున్న పోరగాళ్లు ఒక్కడు ఊర్ల ఉంటలేడు, అందరు పట్నమే. ఊరు బాగున్నట్టా, బాగలేనట్టా?
— మిల్లుల గుమాస్తా, మిర్యాలగూడ

జ: అన్నా, మీ ప్రశ్నల రెండు లెక్కలు కలగాపులగం అయినయి, విడదీస్తే తేటగైతది. ఒకటి ఊర్ల ఎంత సంపద పుడుతుంది, రెండోది ఊర్లె మనుషుల చేతిల ఎంత మిగులుతుంది. సర్కారు ప్రతి ఏడాది ఇచ్చే సామాజిక ఆర్థిక నివేదికల జిల్లా తలసరి ఆదాయం ఉంటది, దాంట్ల రంగారెడ్డి పైన, దాన్నానుకునే ఉన్న వికారాబాద్ అట్టడుగున. ఎందుకు? ఎందుకంటే ఆ లెక్క ఉత్పత్తి ఎక్కడ జరిగిందో అక్కడ వేస్తరు. రంగారెడ్డి జిల్లాలనే ఉన్న గచ్చిబౌలి ఆఫీసుల పొద్దంతా పనిచేసి జీతం తెచ్చుకునే మనిషి యాడ పండుకుంటడు, ఆ పైసలు యాడికి పంపుతడు అనేది దాంట్ల రాదు. రంగారెడ్డిల ఉన్న ప్రతి మనిషి జేబుల అన్ని లక్షలు లేవు, యాచారం, మంచాల రైతును అడిగితే నవ్వుతడు. ఇంకోటి, మనకాడ టౌన్‌కు విడిగ ఆదాయం లెక్క సర్కారు ఇయ్యదు, జిల్లాదే ఇస్తది, మిర్యాలగూడ సంపద నల్లగొండ జిల్లా మొత్తంల కలిసిపోతది.

మీ ఊరి సంపద యాడికెల్లి వచ్చిందో మీకు నాకంటే ఎక్కువ తెలుసు, సాగర్ ఎడమ కాల్వ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేయకపోతే మిర్యాలగూడల ఇన్ని మిల్లులు ఉండేవా చెప్పన్నా. కాల్వ నిండితే వడ్లు, వడ్లుంటే మిల్లు, మిల్లుంటే హమాలీ, లారీ, హోటల్, చీరల దుకాణం, ఒకదాని తోక పట్టుకొని ఒకటి. నీళ్లు రాని ఏడు ఆ తోకంతా ఒక్కసారే గుంజుకుపోతది. ఒక్క సరుకు మీద నిలబడ్డ ఊరు బలంగ కనపడ్డా లోపల భయంగనే ఉంటది, మీ సేటు కూడా వానల కోసం దండం పెడుతుండు గదా, రైతు ఒక్కడే కాదు.

చదువుకున్నోళ్లు పోవడం గురించి. హైదరాబాద్ మహానగర ప్రాంతం 2011ల 77 లక్షలు, దాని తర్వాత పెద్దదైన వరంగల్ 7.6 లక్షలు, అంటే రెండో ఊరు మొదటిదాంట్ల పదో వంతు. ఒక్క మర్రిచెట్టు కింద మిగిలిన చెట్లకు ఎండ తగలనట్టు. ఇంజనీరింగ్ చదివిన పిల్లకు మిల్లుల ఏం పని ఇస్తరు? కంప్యూటర్‌ల ధాన్యం ఎంట్రీ, నెలకు పన్నెండు, పదిహేను వేలు. అది ఆమె తప్పా మిల్లు తప్పా, ఎవ్వరిదీ కాదు, ఊర్ల పెట్టుబడి ఉంది గని రకరకాల పనులు లేవు. నల్లగొండల, మహబూబ్‌నగర్‌ల 2023ల ఐటీ టవర్లు కట్టిన్రు, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిల బ్యాటరీ ఫ్యాక్టరీకి అదే ఏడు పునాది వేసిన్రు. కట్టడం ఒక ఎత్తు, అండ్ల ఎన్ని కుర్చీలు నిండినయి, ఎంత జీతానికి, అండ్ల పక్క ఊరోళ్లు ఎందరు అనేది ఇంకో ఎత్తు. ఓపెనింగ్ ఫొటోలు పేపర్ల వస్తయి, కుర్చీల లెక్క రాదు, ఏడాదికొకసారి ఎవరన్న పోయి లెక్కబెట్టి రావాలె.

బాగున్నట్టా అంటే మీ ఊరు సంపాదిస్తున్నది, నిలుపుకోలేకపోతున్నది. ఇంట్ల పాడి ఉండి పిల్లలు పక్కింట్ల చాయ్ తాగినట్టు.

ప్ర: మా దగ్గర రెండు మూడు పెద్ద షాపింగ్ మాల్స్ వచ్చినయి, హైవే పొడుగున లైట్లే లైట్లు. ఇది అభివృద్ధి కాదంటరా?
— చెప్పుల దుకాణం యజమాని, సూర్యాపేట

జ: కాదనం. ఉపగ్రహాల నుంచి రాత్రి వెలుతురు కొలిచి ఏ ప్రాంతం ఎంత సంపాదిస్తుందో అంచనా వేసే పద్ధతి నిజంగనే ఉంది, మాల్ ముందట మెరిసే బోర్డు కూడా అండ్ల వెలుగే. కానీ మీరు దుకాణదారు, మీ కాడ అంతకంటే గట్టి మిషన్ ఉంది, ఉద్దెర ఖాతా బుక్కు. పోయినేడు నెలకు తీర్చినోళ్లు ఈ ఏడు ఎన్ని నెలలకు తీరుస్తున్నరు? బడులు తెరిచే జూన్ల పిల్లల బూట్లు కొత్తవి కొంటున్నరా, పాతవి కుట్టిస్తున్నరా? ఆ బుక్కు చూసి మాకు రాయండి, పేర్లు రాయకున్రి.

ప్ర: నేను పొద్దున 5 గంటలకు లేచి రాత్రి 11కి పండుకుంట. ఇంట్ల ఆరుగురు. మొన్న సర్వేకు వచ్చినాయన "మీరు పని చేస్తరా" అంటే మా ఆయన "లేదు, ఇంట్లనే ఉంటది" అన్నడు. ఊరి లెక్కల నేను ఉన్ననా లేనా?
— ఒక గృహిణి, వనపర్తి

జ: అక్కా, జనాభాల ఉన్నవ్, పనిల లేవు. ఆ సర్వే కాయితంల నువ్వు "శ్రామిక శక్తిల లేదు" అనే డబ్బాల పడ్డవ్, పెన్షన్ తీసుకునే పెద్దాయన, బడికిపోయే పిలగాడు ఉన్న డబ్బాలనే.

పీఎల్‌ఎఫ్‌ఎస్ లెక్కల ఒక విచిత్రం చూడు. 2023-24ల 15 ఏండ్లు దాటిన ఆడవాళ్లల్ల పని చేస్తున్నోళ్లు, పని వెతుకుతున్నోళ్లు కలిపి ఊర్లల్ల 47.6 శాతం, పట్టణాల్ల 28 శాతం. చదువు ఎక్కువున్నది పట్టణంల, బస్సు ఉన్నది పట్టణంల, ఆఫీసులున్నది పట్టణంల, మరి ఆడవాళ్లు పనిల లేనిది కూడా పట్టణంలనే. ఊర్ల ఆమె చేనుకు పోతది, బర్రెను చూసుకుంటది, పైస చేతికి రాకున్నా ఇంటి వ్యవసాయంల సాయం చేస్తే లెక్కకొస్తది. అదే మనిషి పెండ్లయి టౌన్‌కు వస్తే చేను లేదు, బర్రె లేదు, వండుడు, తోముడు, నల్లా కోసం కాసుకొని కూసునుడు, అత్తకు మందులు, పిల్లల హోంవర్కు, ఇవి ఏ ఖాతాల పడయి. 2019ల కేంద్రం టైం యూజ్ సర్వే అని ఒకటి చేసింది, ఎవరు దినంల ఏం చేసిన్రు అని నిమిషాలతోటి సహా. ఇంటి పనికి ఆడవాళ్లు దినానికి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఆ 97 కూడా ఇంటి పని చేసే మగవాళ్ల సగటు, అసలు చేయనోళ్లు అండ్ల లేరు!

నన్నడిగితే పట్టణం ఆరోగ్యానికి ఇది గట్టి గుర్తు. చీకటి పడ్డంక పని నుంచి ఒంటరిగ ఇంటికి రావడానికి లైటు, ఆటో ఉన్నయా, పిల్లలను పొద్దంతా ఉంచే అంగన్‌వాడీ దగ్గరున్నదా, వీటిని బట్టే ఆడవాళ్లు పనికి పోవుడు ఉంటది, చదువుల లోపం కాదు. ఈసారి సర్వే వాళ్లొస్తే మీ ఆయనను జరుపు, నువ్వే ముందుకు పోయి జవాబు చెప్పు. కుట్టు మిషన్ ఉందా? పక్కింటోళ్లకు జాకెట్ కుట్టి వంద తీసుకున్నా అది పనే, కాయితంల రాయించు.

ప్ర: నేను ముంబైల సెంట్రింగ్ పని చేస్త, మా అయ్య చేసిండు, మా తాత కూడా వలస పోయినోడే. నన్ను ఏ ఊరి జనం కింద లెక్కగడ్తరు? నారాయణపేటనా, ముంబైనా?
— ఒక కార్మికుడు, నారాయణపేట దగ్గర

జ: తమ్ముడూ, ఈ ఉత్తరం చదివి ఆఫీసుల మేం శానసేపు మాట్లాడుకున్నం. జవాబు ఏందంటే, లెక్కగట్టే దినాల్ల నువ్వు యాడుంటే ఆడ. 2011 సెన్సస్ జరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఇల్లు మనది అయినా ఆ 20 దినాలు పూర్తిగ ఊర్ల లేకపోతే ఇంటి లిస్టుల పేరు రాయరు, ఉన్నకాడ రాయాలె. ఫిబ్రవరిల పాలమూరోడు ఊర్ల ఉంటడా? వానకాలం పంట అయినంక పోయినోడు మళ్ల తొలకరికి గదా వచ్చేది. ముంబైల బిల్డింగ్ కింద రేకుల షెడ్డుల ఉన్నోన్ని అక్కడి ఎన్యూమరేటర్, అంటే జనాన్ని లెక్కరాసుకునేటాయన, రాస్తే రాసినట్టు, లేకుంటే రెండు ఊర్ల లెక్కల నుంచి జారిపోయినట్టు. 2027 లెక్కింపు కూడా ఫిబ్రవరిలనే. పంచాయతీ వాళ్లకు, మేస్త్రీలకు ఇప్పటి నుంచే ఈ ముచ్చట చెప్పి పెట్టాలె.

శాంపిల్ సర్వేలల్ల నెల దాటి ఆరు నెలల లోపు పనికి పోయివచ్చేటోళ్లను తాత్కాలిక వలస కింద విడిగ రాసుకుంటరు గని అది రాష్ట్రం అంచనా, ఊరి అంకె కాదు. దీంట్ల ఇంకో తిరకాసు: నువ్వు కట్టిన బిల్డింగ్ విలువ ముంబై ఆదాయంల పడతది, నువ్వు పంపిన పైసలతోటి మీ ఊర్ల లేచిన స్లాబు ఇల్లు చూసి ఊరు ముందుకు పోయిందంటరు, నీ మోకాళ్ల నొప్పి మాత్రం మళ్ల మహబూబ్‌నగర్ సర్కారు దవాఖాన ఓపీ చిట్టీల ఎక్కుతది. నిజాంసాగర్, నాగార్జునసాగర్ అసొంటి కట్టడాల కాడ పాలమూరు కూలీల పేరు ఎంత గట్టిదో అందరికీ ఎరుకే, ఆ సాగర్ నీళ్లతోటి బాగుపడ్డ ఊరి గుమాస్తా పైన ప్రశ్న అడిగిండు చూడు, అందుకే మీ ఇద్దరివి ఒక్క సంచికల పెట్టినం.

ప్ర: అమెరికాల డెట్రాయిట్ అనే సిటీ దివాలా తీసిందని చదివిన. సర్కారు దివాలా తీస్తదా? మన మున్సిపాలిటీలకు అట్ల అయితదా?
— పోటీ పరీక్షలకు చదివే అబ్బాయి, గద్వాల

జ: తీసింది, 2013 జులైల. అప్పు దాదాపు 18 వందల కోట్ల డాలర్లు. 1950ల ఆ సిటీ జనాభా 18.5 లక్షలు, 2020కి 6.4 లక్షలు. కార్ల కంపెనీల మీద బతికిన ఊరు, ఫ్యాక్టరీలు పోయినయి, స్తోమత ఉన్నోళ్లు, ఎక్కువగ తెల్లోళ్లు, సిటీ హద్దు దాటి సబర్బ్‌లకు పోయిన్రు. వాళ్లు పోతే వాళ్ల ఇంటి పన్ను కూడా పోయింది, కానీ రోడ్ల పొడవు తగ్గలే, పైపుల పొడవు తగ్గలే, రిటైరైనోళ్ల పెన్షన్లు తగ్గలే. మిగిలిన బీదోళ్ల మీద పన్ను పెంచితే ఇంకొంతమంది పోయిన్రు. అందుకే అమెరికాల సిటీ ఆరోగ్యం చూసేటోళ్లు సిటీ ఒక్కదాన్నే చూడరు, లోపలి జనం ఆదాయం, బీదరికం చుట్టూ ఉన్న సబర్బ్‌లతోటి పోల్చి చూస్తరు. మొత్తం ఏరియా పచ్చగుండొచ్చు, నడుమ గుండె ఎండిపోయి ఉండొచ్చు.

మనకాడ దివాలా తీయదు. ఎందుకు తీయదంటే అంత అప్పు ఎవరిస్తరు మన మున్సిపాలిటీలకు! 1992ల 74వ రాజ్యాంగ సవరణ చేసి 12వ షెడ్యూల్‌ల 18 పనులు రాసిన్రు, నీళ్లు, రోడ్లు, మురికివాడలు, శ్మశానాల దాకా. పనుల లిస్టు పెద్దది, సంచి చిన్నది. దేశంల మున్సిపల్ సంస్థలన్నిటి ఆదాయం కలిపితే జీడీపీల ఒక్క శాతం చుట్టూ ఉంటదని రిజర్వ్ బ్యాంకే 2022ల రిపోర్టు ఇచ్చింది. దాంట్ల సొంతంగ వసూలు చేసేది కొంత, మిగిలింది పైనుంచి గ్రాంట్ల కోసం ఎదురుచూపు. మన ఊరు ఒక్కనాడు డెట్రాయిట్ లెక్క పడిపోదు, బిల్లు ఆగుతది, వీధి దీపం ఆగుతది, పారిశుధ్యం కార్మికుల జీతం ఆగుతది, ఎవ్వరూ దాన్ని దివాలా అని పేరు పెట్టి పిలవరు. పేపర్ల రాదు కాబట్టి పరీక్షల కూడా రాదు, నువ్వు మాత్రం రాసుకో.

ప్ర: ఇన్ని చెప్తున్నరు గదా, మా మున్సిపాలిటీ ఆరోగ్యం నేను సొంతంగ చూడాల్నంటే ఒక్కటి చెప్పుండ్రి, రెండొద్దు.
— ఆటో డ్రైవర్, దేవరకొండ

జ: ఒక్కటే అంటే ఇది. ఏడాదికి ఇంటి పన్ను, నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్సుల కింద ఊరు సొంతంగ ఎంత తెచ్చుకున్నది, అదే ఏడాది జీతాలకు, కరెంటు బిల్లుకు ఎంత కట్టింది, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టు. మొదటిది రెండోదాన్ని దాటితే ఊరు సొంత కాళ్ల మీదుంది, దాటకపోతే చేతికర్రతోటి నడుస్తుంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లకు లెక్కలు ఆడిట్ చేసి నెట్‌ల పెట్టాలని షరతు ఉండె, సిటీ ఫైనాన్స్ అని కేంద్రం పోర్టల్ ఉంది, అండ్ల మీ ఊరి పేరు కొట్టి చూడు. దొరకకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడుగు, 30 దినాల్ల ఇయ్యాలె.

నేను ఒకసారి ఒక ఆఫీసుల (పేరెందుకు లెండి) వార్డుల వారీగ నల్లా లెక్కలు అడిగిన. "అట్ల వార్డు వారీగ ఉండదు సార్, మొత్తం ఊరిదే ఉంటది, ఇయ్యాల్నా" అన్నడు. ఇయ్యమన్న. ఆ కాయితం ప్రకారం మా గల్లీల దినం తప్పి దినం నీళ్లొస్తున్నయి. కాయితం మడిచి జేబుల పెట్టుకొని ఇంటికొచ్చిన, ఆనాడు నాలుగో దినం, డ్రమ్ముల నీళ్లు అడుగుకు చేరినయి, ఇంటామె ఆ కాయితం తీసుకొని డ్రమ్ము మీద మూత లేదని దాన్నే కప్పింది.